మఠం గడపకూడు

నిమ్మకాయలు రెండే. అనుమానానికి అవి చాలు.

మఠం గోడవారగా నోరు తెరుచుకుని ఉన్న సంచిలో అవి కనబడగానే హేమలత అడుగు ఆగిపోయింది. సంచి పక్కన గిన్నెలో నల్లటి ముద్ద. దాని పక్కన బిందెడు నీళ్లు. వీటి నడుమ మోకాళ్ల మీద కూర్చున్న ఒక యువకుడు నిలువెత్తు రాతికి తెల్లటిదేదో తడిపి కప్పి, లావుపాటి బ్రష్షుతో దాన్ని టపటపా బాదుతున్నాడు.

కడప జిల్లాలో పుట్టినవాళ్లకు దీని అర్థం వేరే చెప్పనక్కర్లేదు. పాడుపడిన కట్టడం, నిమ్మకాయలు, నల్లరంగు, ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చిన మగవాడు. గుప్తనిధుల కోసం తవ్వే బాపతు.

హేమలత మఠంగొందికి విలేజ్ సర్వేయర్. వచ్చి నెల కాలేదు. భుజాన ఉన్న, హద్దులు కొలిచే రోవర్ కర్రను ఈటెలా పట్టుకుని గడప దాటి లోపలికి వచ్చింది.

"ఏయ్! ఎవరప్పా నువ్వు? ఏం చేస్తాండావు ఈడ?"

అతను తల తిప్పలేదు. "ఒక్క నిమిషం మేడం. తడి ఆరిపోతాది."

"ఆరిపోతే ఆరిపోనీ. లెయ్ పైకి!"

"లేస్తే కాగితం చినిగిపోతాది మేడం."

"నేను ఇంగో మాట చెప్పాల్నా?"

అప్పుడు తిరిగాడు. ముక్కు మీద మసి, నుదుటి మీద మసి, ఒక చెవి పూర్తిగా నలుపు. ఆ నలుపంతటి మధ్య కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. పట్టుబడినవాడి కళ్లు అలా నవ్వకూడదు. హేమలతకు ఒళ్లు మండింది.

"పేరేంది?"

"మహీధర్."

"ఊరు?"

"ప్రొద్దుటూరు."

"ఏం పని?"

అతను కొంచెం నీళ్లు నమిలాడు. "మాది... బంగారంగడి మేడం."

ఇంకేం కావాలి? బంగారు వ్యాపారి కొడుకు, పాడుబడిన మఠం, రెండు నిమ్మకాయలు. హేమలత గొంతు మండపం కప్పు దాకా లేచింది. "దొంగ! దొరికినాడు దొంగ!"

మండపం వెనక నుంచి చీపురుకట్టతో ఒక ముసలామె వచ్చింది. మహబూబ్‌బీ. ఎనభై దాటిన మనిషి. మఠాన్ని రోజూ ఊడ్చి దీపం పెట్టేది ఆమే. వాళ్ల అమ్మ చేసింది, వాళ్ల అవ్వ చేసింది, ఆమె చేస్తోంది. తురకలకు మఠంతో ఏం పని అని ఆ ఊళ్లో అడిగినవాళ్లు లేరు.

"ఎవురు మ్మా దొంగ అనింది?"

"నేనే అవ్వా. ఇదో, వీడు..."

"గడప లోపల నిలబడి అంటివా, బయట నిలబడి అంటివా?"

హేమలత తన కాళ్ల వైపు చూసుకుంది. రెండూ లోపలే ఉన్నాయి.

మహబూబ్‌బీ నిట్టూర్చి చీపురు గోడకు ఆనించింది. "అయితే కూడు వండాల్సిందే."

ఆ సంగతి మఠంగొందిలో పుట్టినవాళ్లకు తెలుసు, పులివెందుల నుంచి వచ్చిన హేమలతకు తెలియదు. మఠం గడప లోపల ఒకరి మీద ఒకరు అనుమానం నోరు తెరిచి అంటే, అది తేలకుండా ఇద్దరూ ఇంటికి పోకూడదు. గడపకు ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు కూర్చుని, గడప మీద ఒక్క ఆకు వేసుకుని, అందులోంచి ఇద్దరూ తినాలి. అబద్ధమాడినవాడికి ముద్ద గొంతు దిగదు. తిని లేచాక ఆ అనుమానం మళ్లీ నోట అనకూడదు. గట్టు తగాదాలూ, దొంగ గొర్రెల తగాదాలూ పోలీస్ స్టేషన్ మెట్లెక్కకుండా అక్కడే తెగిపోయేవి. దానికి గడపకూడు అని పేరు.

"నేను గవర్నమెంట్ ఉద్యోగిని అవ్వా. ఇట్లాంటివి కుదరవు," అంది హేమలత.

"గవర్నమెంటుకు ఆకలి కాదా?" అంది మహబూబ్‌బీ. "కూచో."

జొన్నసంగటి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి. మహీధర్ మూడుసార్లు చేతులు కడుక్కున్నా గోళ్లలో మసి పోలేదు. ఇద్దరూ గడపకు చెరోపక్కా కూర్చున్నారు. మధ్యన ఒక్క విస్తరాకు. హేమలత తన వైపు సగానికి వేలితో గీత గీసింది.

"ఆకు మీద గూడా సర్వేనా మేడం?"

"నోరు మూసుకొని తిను. నిమ్మకాయలు ఎందుకు తెచ్చినావు?"

"మజ్జిగలో పిండుకునేదానికి. ఎండ సూడండి ఎట్లుండాదో."

"ఆ నలుపు?"

"రాతిమీద శాసనం ఉంది మేడం. తడి కాగితం వేసి బాదితే అక్షరాల్లోకి దిగుతాది. పైన నల్లరంగు అద్దితే అక్షరాలు తెల్లగా మిగిలిపోతాయి. అచ్చు తీయడం అంటారు. తిరుపతిలో హిస్టరీ చదివినా, అదే పిచ్చి."

"నమ్మేదెట్ల?"

"ముద్ద దిగుతాంది గదా!" అని అతను ఇంత ముద్ద మింగి చూపించాడు.

మహబూబ్‌బీ గోడకు ఆనుకుని పళ్లులేని నోటితో ముసిముసిగా నవ్వుతోంది. "మొగోళ్లు మొగోళ్లు తిన్న్యారు ఈడ. వయసులో ఉండే ఆడపిల్లా మొగపిల్లోడూ ఒకే ఆకులో తినడం మాత్రం నేను పెండ్లిలోనే సూసినా."

హేమలతకు ఊరిబిండి అడ్డం పడింది. దగ్గు ఆగలేదు.

మహీధర్ నీళ్ల చెంబు అందిస్తూ మెల్లగా అన్నాడు. "గొంతు పట్టింది మీకు మేడం. అంటే అబద్ధం ఎవురిది?"

ఆరోజు నుంచి అతని నంబరు ఆమె ఫోనులో 'మఠం అనుమానం' అనే పేరుతో ఉంది.

*

నవ్వులాట పక్కన పెడితే, హేమలతకు నిద్ర పట్టని పని ఒకటి ఉంది. మఠానికి పడమరగా నాగేంద్ర అనే ఆసామి నాపరాయి క్వారీ నడుపుతున్నాడు. ఏటికేడు ఆ గుంత మఠం వైపు జరుగుతోంది. ఇప్పుడు ఇంకో ఆరెకరాలకు లీజు అర్జీ పెట్టాడు. పాత రికార్డులో ఆ చోటంతా 'రాళ్లగుట్ట, పోరంబోకు'. మఠం ఊసే లేదు. ఉన్న నాలుగు గోడలూ, సగం కూలిన మండపమూ పాత గొడ్లచావిడి అని నాగేంద్ర వాదన.

హేమలత పది రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. 'చరిత్ర కట్టడం లేదు' అని రాస్తే జేసీబీ వస్తుంది. 'ఉంది' అని రాస్తే అది ఏమిటో, హద్దులు ఎక్కడిదాకానో ఆధారంతో చూపాలి. ఆధారం తప్పని తేలితే ఉద్యోగం పోతుంది. ఇంతకుముందు పనిచేసిన చోట ఒక పెద్దమనిషి "గట్టు ఇదే తల్లీ, నా మాట నమ్ము" అంటే నమ్మి సంతకం పెట్టింది. మెమో వచ్చింది. రెండోది వస్తే ఇంటికే.

అందుకే మర్నాడు మహీధర్ అచ్చు కాగితం పరిచి, ఆరువందల ఏళ్ల నాటి అక్షరాలు చదువుతుంటే ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇదో, ఈడ సూడండి. మఠానికి ఇచ్చిన భూమి. గడప నుంచి తూర్పుకు ఎనభై గడలు, పడమరకు ఎనభై గడలు, దక్షిణానికి అరవై గడలు, ఉత్తరాన పెన్నేరు. హద్దుకొకటి లింగముద్ర రాయి. వివాదం పడి వచ్చినవాళ్లకు గడప మీద ఒక్క ఆకులో కూడు పెట్టేదానికి ఈ భూమి."

హేమలత ఉలిక్కిపడింది. "కూడు సంగతి అందులో ఉందా? నిన్న అవ్వ చెప్పింది విని నువ్వే కల్పిస్తాండావేమో!"

"నాకంత తెలివుంటే నాయన అంగట్లో కమ్మల బేరం చేసేవాణ్ని మేడం. కడాకు శాపం గూడా ఉంది. ఈ ధర్మానికి తప్పినవాడు గంగ ఒడ్డున ఆవును చంపిన పాపాన పోతాడంట."

"నాగేంద్రకు జేసీబీ బాడుగ భయం తప్ప ఆవు భయం లేదులే. ఇంతకీ గడ అంటే ఎంత?"

అతను తల గోక్కున్నాడు. "అది మాత్రం తెలీదు. ఊరికో గడ, గుడికో గడ. పది అడుగులు కావచ్చు, పదహైదు కావచ్చు."

"తెలీకుండా హద్దులు ఎట్ల చెప్తావు? నీ చదువంతా ఇంతేనా?"

మహీధర్ ముఖం చిన్నబోయింది. ఆమెకు జాలి కలిగింది. కలిగినందుకు తన మీదే కోపం వచ్చింది.

మఠం గురించి ఊళ్లో లేని కథ లేదు. కింద సొరంగం ఉందనీ, అది గండికోటలో తేలుతుందనీ అంటారు. ఆఖరి అయ్యవారు మఠం గంటను నేలలో పాతి పోయారనీ, తవ్వినవాడికి చెవుల్లో ఆ గంట మోగి పిచ్చెక్కుతుందనీ అంటారు. మహబూబ్‌బీ ఆ మధ్యాహ్నం మండపం అరుగు చూపించి ఇంకోటి చెప్పింది.

"ఈ గీతకాడ్నించి ఆ గీతదాకా నిధికి కాపలా ఉండే పాము పొడుగంట. దాటగూడదు అనేది మా అవ్వ."

అరుగు రాతి మీద ఒక చివర ఒక కొడవలి గుర్తు, ఇంకో చివర ఇంకో కొడవలి గుర్తు. నడుమ సన్నని గీత. హేమలత దాన్ని చూస్తూ ఉండిపోయింది. ఆమె ఉద్యోగమే కొలతలు. గీతకు రెండు చివర్లా గుర్తు పెట్టారంటే అది పాము కాదు.

టేపు తీసి వేసింది. పన్నెండడుగుల మూడంగుళాలు. మళ్లీ వేసింది. అంతే.

"మహీధర్!" అని కేక పెట్టింది. మొదటిసారి పేరు పెట్టి పిలిచిన సంగతి ఆమె గమనించలేదు, అతను గమనించాడు. "పాము గాదు. గడ! కొలిచేవాళ్లు మోసం చేయకుండా గడ పొడుగు రాతి మీద చెక్కిపెట్టినారు. సర్వేయర్ బుద్ధి ఆ కాలంలోనూ ఇంతే. ఎవుర్నీ నమ్మలే!"

అతను టేపు వైపు చూడలేదు. ఆమె ముఖం వైపే చూస్తున్నాడు.

"ఏంది అట్ల సూస్తాండావు?"

"అక్షరాలు నేను చదివితి. రాయిని మీరు చదివితిరి."

అదే సమయానికి కార్తీకం వాన రావాలా? వచ్చింది. సగం కప్పు ఉన్న మండపంలో ఇద్దరికి సరిపడా పొడి చోటు మూడడుగులు. అచ్చు కాగితం తడవకుండా అతను చొక్కాలో దాచుకున్నాడు. రోవర్ తడవకుండా ఆమె చున్నీ కప్పింది. మిగిలిన తడి ఇద్దరూ పంచుకున్నారు. పెన్నేటి వైపు నుంచి నల్లరేగడి వాసన వచ్చింది. ఆమె భుజం అతని భుజానికి తగిలింది. ఆమె జరగలేదు. జరిగితే తడుస్తానని తనకు తాను సర్దిచెప్పుకుంది.

అప్పుడే అతను సిగ్నల్ ఉందేమోనని ఆమె నంబరుకే ఫోన్ చేసి చూశాడు. ఆమె చేతిలోని ఫోన్ వెలిగింది. 'మఠం అనుమానం'.

"ఇంటిపేరు మఠం, పేరు అనుమానం," అన్నాడు మహీధర్. "బాగుంది మేడం. మా నాయనకు చెప్పి ఆధార్ మార్పిస్తా."

హేమలత నవ్వు ఆపుకోలేకపోయింది.

*

తూర్పు రాయి కంపచెట్ల నడుమ దొరికింది. దక్షిణపు రాయి శనగచేను గట్టు మీద, సగం పూడి ఉంది. రెండూ గడప నుంచి సరిగ్గా గడల లెక్కకు వచ్చాయి. పడమర దిక్కున మాత్రం, ఎనభై గడలు ముగిసిన చోట, రాయి లేదు. గుంత ఉంది. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది.

"పెరికినారు. మొన్నామధ్యనే," అన్నాడు మహీధర్.

"మనం వెతుకుతాండామని ఎవురికి తెల్సు?" అంది హేమలత. "నీకు, నాకు, అవ్వకు."

ఆ మాట అన్నాక ఇద్దరి మధ్యా ఏదో చల్లబడింది. 

మర్నాడు జమ్మలమడుగు బస్టాండు ఎదుట టీ తాగుతూ ఆమె చూసింది. రోడ్డు అవతల నాగేంద్ర తెల్లటి బొలేరో. దాని తలుపు తెరిచి మహీధర్ ఎక్కాడు. నాగేంద్ర అతని భుజం మీద చేయి వేసి నవ్వుతున్నాడు. బండి పోయింది.

టీ చల్లారింది. హేమలత దాన్ని తాగకుండానే లేచింది. మధ్యాహ్నం నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. 'మఠం అనుమానం', 'మఠం అనుమానం'. ఆమె ఎత్తలేదు.

ఎత్తి ఏమని అడుగుతుంది? గడపకూడు తిన్నాక మళ్లీ అనుమానం నోట అనకూడదు. చదువుకున్న పిల్ల, ఇలాంటివి పట్టించుకోవాల్సిన పని లేదు. కానీ మహబూబ్‌బీ ముఖం గుర్తొస్తే నోరు పెగలడం లేదు. అడగకుండా తెలుసుకోవాలి. మర్నాడు పొద్దున్నే ప్రొద్దుటూరు బస్సెక్కింది.

వీధి పొడవునా బంగారంగళ్లే. మహీధర్ వాళ్లది కన్యకాపరమేశ్వరి గుడి వీధిలో పాత అంగడి. గల్లాపెట్టె వెనక అతని తండ్రి నాగభూషణం, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని కూర్చుని ఉన్నాడు.

"ముక్కుపుడకలు చూపిస్తారా?" అంది హేమలత.

"రామ్మా, కూర్చో. యాడనుంచి వస్తాండావు?"

"జమ్మలమడుగు సార్."

పుడకల పెట్టె తీస్తున్న చేయి ఆగింది. "మఠంగొంది పక్కనా?"

"ఆ... అవును."

"సర్వే పనా?"

"మీకెట్ల తెల్సు సార్?"

నాగభూషణం కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. రాయిలో మచ్చ వెతికే చూపుతో ఆమెను చూశాడు. "పాపా, నాలుగైదు దినాలుగా మా వాడు తెల్లారక ముందే లేచి పోతాండాడు. ఏంది రా అంటే రాయి సూసేదానికి అంటాడు. రాయి సూసేదానికి ఇస్త్రీ చొక్కా ఏసుకొని, సెంటు కొట్టుకొని పోతారా యాడన్నా? నాకు అప్పుడే అనుమానం వచ్చింది."

హేమలత ముఖం ఎర్రబడింది. వచ్చిన పని గుర్తు తెచ్చుకుంది. "సార్... మీ అబ్బాయికి ఆ క్వారీ వాళ్లతో..." అని నాలుక కరుచుకుంది.

"ఎవురు, నాగేంద్రా? మొన్న నాకు ఫోన్ చేసినాడు. మా కొత్త గోడౌనుకు నేలంతా నాపరాయి ఊరికే పరిపిస్తాడంట. మీవాణ్ని ఆ శాసనం పక్కన పెట్టమను అన్న్యాడు. ఊరికే వచ్చేదాన్ని నమ్మితే నేను ఈ అంగట్లో నలభై ఏండ్లు కూర్చునేవాణ్ని గాదు తల్లీ. వద్దని పెట్టేసినా. మరి వాణ్ని ఏమడిగినాడో, వాడేమన్న్యాడో నాకు తెలీదు."

"తెలుసుకుంటే పోయె నాయనా," అన్నారెవరో వెనక నుంచి.

మహీధర్ గుమ్మంలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా లేదు, సెంటు లేదు. ఒళ్లంతా తెల్లటి రాతిపొడి, మోచేయి దోక్కుపోయి ఉంది. నేరుగా హేమలత ముందు ఫోన్ పెట్టాడు. ఫోటోలో, పాలిషింగ్ యార్డులో పలకల చాటున పడి ఉన్న రాయి. దాని మీద లింగముద్ర.

"రాయి నా దగ్గరుంది, సూసిపో, బేరం మాట్లాడుకుందాం అని పిలిచినాడు. మనం కొలిచేది క్వారీ మీద నుంచి సూస్తానే ఉన్న్యాడంట. సరేనని నవ్వుతా పోయినా. ఈ పొద్దున వాళ్ల కన్నుగప్పి యార్డులో దూరి ఫోటోలు తీసినా. నిన్నంతా మీకు పదహారు సార్లు ఫోన్ చేసినా."

"చూసినా."

"చూసి?"

ఆమె ముక్కుపుడకల వైపు చూసింది.

"కూడు తిన్నాక గూడా అనుమానించినారు," అన్నాడు మహీధర్. నవ్వే కళ్లు ఇప్పుడు నవ్వడం లేదు.

"నోటితో అనలేదు గదా!"

"అనింటే బాగుండేది. అంటే జవాబు చెప్పుకునేవాణ్ని. అనకుండా అనుకుంటే నేనేం చేయాల?"

నాగభూషణం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పుడకల పెట్టె మెల్లగా మూసేశాడు. ఇది కొనుగోలు బేరం కాదని ఆయనకు అర్థమైంది.

హేమలతకు క్షమాపణ చెప్పాలని ఉంది. నోటికి వచ్చింది మాత్రం "ఆ యార్డు యాడ?" అన్న మాట. సిగ్గుపడ్డప్పుడు ఆమెకు పని తప్ప ఇంకోటి తోచదు.

*

ఆ సాయంత్రమే ఆమె వీఆర్వోనూ, ఒక కానిస్టేబులునూ వెంటబెట్టుకుని యార్డుకు పోయి పంచనామా రాయించింది. రాయిని ట్రాక్టరులో మఠానికి తెచ్చారు. దాని అడుగు పడమటి గుంతలో సరిగ్గా కూర్చుంది. మహీధర్ చదివిన శాసనం అచ్చును ఆమె ఇంకో ఇద్దరు శాసన పండితులకు పంపి చదివించింది. గడప నుంచి ప్రతి హద్దునూ నాలుగుసార్లు కొలిచింది. పదో రోజున 'చరిత్ర కట్టడం ఉంది' అని రాసి సంతకం పెట్టింది. 

మూడో రోజుకు నాగేంద్ర ఫిర్యాదు పెట్టాడు. సర్వేయరూ, ఆ శాసనాల పిల్లవాడూ ఒక్క ఆకులో తిన్న మనుషులు. ఊరంతా సాక్ష్యం. ఇద్దరూ కుమ్మక్కై రాళ్లు పాతి నాటకం ఆడారు. మంగళవారం విచారణ.

ఆదివారం పులివెందుల పోతే అమ్మ పార్వతమ్మ చీనీతోటలో బత్తాయి కాయలు గంపకెత్తుతూ కూతురి ముఖం వైపు చూడనైనా చూడలేదు.

"ఒకే ఆకులో తిన్న్యారంటనే?"

"నీకెవురు చెప్పిరి?"

"బస్టాండులో అరటిపండ్లామె చెప్పింది. మీ అమ్మకు తెలిసేలోగా పులివెందుల అంతా తెలిసింది. ఎవురు వాడు?"

"ఎవురూ గాదు మా. ఆఫీసు పని."

"ఎవురూ గాకుంటే ముఖం ఎందుకట్ల పెట్టినావు?" పార్వతమ్మ గంప కింద పెట్టింది. "హేమా, మంగళవారం వాళ్లు అడుగుతారు. మీ ఇద్దరికీ సంబంధం ఉందా అని. లేదని చెప్తే నీ ఉద్యోగం నిలబడతాది, ఆ మఠమూ నిలబడతాది. నిజంగా లేదా?"

హేమలత వంగి గంప ఎత్తుకుంది. రాత్రింబవళ్లు ఆలోచించింది. లేదంటే అబద్ధం. ఉందంటే రిపోర్టు చెత్తబుట్ట పాలు. పంచనామా రోజు తర్వాత మహీధర్ ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. మరి ఆ సంబంధం ఇంకా ఉందో లేదో కూడా ఆమెకు తెలియదు.

*

మంగళవారం జమ్మలమడుగు ఆఫీసులో విచారణాధికారి ఒక ఆడమనిషి. జుట్టు నెరిసింది, మాట పొదుపు. ఎదుట నాగేంద్ర కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. సాక్షిగా పిలిపించిన మహీధర్ గోడ పక్కన నిలబడ్డాడు. హేమలత వైపు చూడటం లేదు. బయట వరండాలో బెంచీ మీద ఒక చివర నాగభూషణం, ఇంకో చివర పార్వతమ్మ. ఎవరెవరో ఒకరికొకరు తెలియక, ఇది నాగేంద్ర తాలూకు మనిషేమోనని ఇద్దరూ ఓరకంట చూసుకుంటున్నారు.

"ఒకటే ప్రశ్న," అంది అధికారి. "నీకూ ఈ అబ్బాయికీ సంబంధం ఉందా?"

నాగేంద్ర చిరునవ్వు నవ్వాడు.

"ఏ రోజు సంగతి అడుగుతాండారు మేడం?" అంది హేమలత.

"అంటే?"

"సంతకం పెట్టిన రోజుదాకా నాకు ఈయన మీద అనుమానం పోలే మేడం. మొదటిరోజు దొంగ అనుకున్నా. శాసనం కల్పించినాడేమో అనుకున్నా. రాయి పెరికినోళ్లకు చెప్పింది ఈయనేనేమో అనుకున్నా. క్వారీ బండి ఎక్కితే అమ్ముడుపోయినాడనుకున్నా. అందుకే ఈయన చెప్పిన ఒక్క మాట గూడా నేను రిపోర్టులో రాయలే. శాసనం ఇంకో ఇద్దరితో చదివించినా. హద్దులు నాలుగు తూర్లు కొలిచినా. ఫోటో నమ్మక యార్డుకు పోయి పంచనామా రాయించినా. నమ్మింటే ఒక్క తూరి కొలిచి సంతకం పెట్టేదాన్ని. అట్ల నమ్మి ఒకసారి మెమో తిన్న్యా."

ఆమె గోడ పక్కకు చూడలేదు. చూస్తే మాట రాదని తెలుసు.

"ఈరోజు సంగతి అడిగితే మాత్రం, ఉంది మేడం. నా వైపు నుంచి ఉంది. ఈయనంటే నాకు ఇష్టం. ఇంత అనుమానించినదాన్ని ఈయన క్షమిస్తాడో లేదో నాకు తెలీదు. లేదని చెప్తే నా ఉద్యోగం నిలబడతాది. కానీ అబద్ధం చెప్పి నిలబెట్టిన హద్దు ఎన్నాళ్లుంటాది?"

 నాగేంద్ర కాలు కిందికి దిగింది.

అధికారి కలం మూత పెట్టి నాగేంద్ర వైపు తిరిగింది. "నీకు నచ్చిన సర్వేయరును నువ్వే చెప్పు. ఏ మండలం నుంచైనా సరే. రేపు నా ఎదుట కొలుస్తాడు. ఒక్క అడుగు తేడా వచ్చినా ఈ పిల్ల మీద యాక్షన్ తీసుకుంటా. తేడా రాకపోతే హద్దురాయి పెరికిన కేసు నీ మీద ఉంటుంది."

తర్వాత మహీధర్ వైపు చూసింది. "నువ్వేమైనా చెప్పాలా?"

"చెప్పాల మేడం. మీకు గాదు."

అతను హేమలత ఎదుటికి వచ్చాడు. ముఖం గంభీరంగా పెట్టాలని చూశాడు గానీ కళ్లు మాట వినలేదు. "పది దినాలు నా మీద అంత అనుమానం పెట్టుకొని, నేను చెప్పింది ప్రతిదీ నాలుగు తూర్లు సరిచూసినావా?"

మేడం పోయి, మీరు పోయి, నువ్వు వచ్చింది. హేమలత తల ఊపింది.

"నా మాటను అంత శ్రద్ధగా విన్నోళ్లు నాకు ఇంతవరకు ఎవురూ లేరు హేమా. ఫోన్ చేయకపోవడం నాదే తప్పు. కోపం రెండు దినాలే ఉండింది. తర్వాత ఏమని చేయాల్నో తెలీక చేయలేదు."

"బయట మాట్లాడుకోండి," అంది అధికారి. ఆమె మూతి చివర నవ్వు తొంగి చూసింది.

మర్నాడు నాగేంద్ర ఎంచుకున్న సర్వేయర్ వచ్చాడు. మధ్యాహ్నం దాకా ఎండలో కొలిచాడు. తూర్పు, దక్షిణం, ఉత్తరాన పెన్నేరు. ఆఖరున పడమర రాయి దగ్గర నిలబడి రోవర్ తెర వైపు రెండుసార్లు చూసి, "తేడా లేదు మేడం. అంగుళం గూడా లేదు," అన్నాడు. నాగేంద్ర బొలేరో అప్పటికే రోడ్డెక్కింది. అధికారి అక్కడే, మండపం అరుగు మీద కూర్చుని లీజు అర్జీ కొట్టేసింది.

మఠం నిలిచింది. హేమలత మండపం స్తంభానికి ఆనుకుని అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ల భయమంతా పోయేలా ఏడ్చింది. మహీధర్ పక్కన నిలబడ్డాడు, ఆపమని అనలేదు.

కొలత చూడటానికి మఠానికి వచ్చిన నాగభూషణం, పార్వతమ్మ అప్పటికి ఒకరినొకరు తెలుసుకున్నారు. మా కులం ఒకటి, మీ కులం ఒకటి అని పార్వతమ్మ మెల్లగా ఏదో అనబోయింది. నాగభూషణం చేయెత్తి ఆపాడు. "అమ్మా, నేను నలభై ఏండ్లుగా బంగారం గీటి సూస్తాండా. అబద్ధం చెప్తే అన్నీ దక్కే చోట నిజం చెప్పిన పిల్లను ఇంతవరకు సూడలే. మీరు ఒప్పుకుంటే నాకు రెండో మాట లేదు."

పార్వతమ్మ కూతురి వైపు చూసింది, ఆ పక్కన నిలబడ్డ పిల్లవాడి వైపు చూసింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మా చీనీతోటకు రమ్మనండి ఒకసారి. కాయలు కోసేది వస్తాదో రాదో సూస్తా," అంది. ఆమె ఒప్పుకోవడం అలాగే ఉంటుంది.

నాగభూషణం హేమలత దగ్గరికి వచ్చాడు. "తల్లీ, ఒకటి అడుగుతా, నిజం చెప్పు. మావాడి మీద ఇంగా అనుమానం ఏమైనా మిగిలిందా?"

హేమలత కళ్లు తుడుచుకుని మహీధర్ వైపు చూసింది. తలెత్తి చూసి, చాలాసేపు చూసి, నవ్వింది.

"ఉంది మామా. దినమూ కొంచెం ఉంటాది. అయినా ఇంగ నోరు తెరిచి అడుగుతాలే."

మహీధర్ అంత మందిలో ఆమె చేయి పట్టుకున్నాడు.